గుడ్డ కింద చెయ్యి

పోయిన వారం కథలో మిగిలిన నిల్వ ముందు చూపించి, తర్వాత కొత్త సరుకు దించుతాను.

సముద్రం అవతల గోధుమలు పండించే దేశం ఒకటి తన జనానికి తిండి తక్కువవుతుందేమోనన్న భయంతో ఎగుమతి ఆపింది. దాన్ని చూసి పొరుగు దేశం ఆపింది. పొరుగుదాన్ని చూసి ఇంకొకటి. రేవుకు రావలసిన ఓడలు రాలేదు. ఓడలు రాకపోయేసరికి మా ధాన్యం మార్కెట్టులో గోదాములకు తాళాలు పడ్డాయి. వేయించింది మా వర్తక సంఘం అధ్యక్షుడు, మా అక్క మొగుడు, అంటే మా బావ. తాను చెప్పిన గీత దాకా ధర ఎక్కేవరకు ఎవరూ ఒక్క బస్తా బయటికి తీయకూడదనీ, తీసినవాడికి చెయ్యి బంద్ అనీ కట్టుబాటు పెట్టాడు. ఊళ్లో రొట్టెల బట్టీలు ఒక్కొక్కటే చల్లారుతున్నాయి. నేను తలుపు తీస్తానన్నాను. సంఘం ముందుకు వచ్చి సంజాయిషీ చెప్పుకోమని కబురు వచ్చింది. పోయిన వారం నన్ను అక్కడ, సంఘం దారిలో వదిలేశాను.

చెయ్యి బంద్ అంటే ఏమిటో తెలియనివాళ్లకు చెప్పాలి. మా మార్కెట్టులో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుతారు. లోపల వేళ్లు మాట్లాడుకుంటాయి. ఈ వేలు పట్టుకుంటే ఇంత, ఆ కణుపు నొక్కితే అంత. బయట ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడుతుంటారు. పక్కవాడికి ఎంతకు కుదిరిందో తెలియదు. అలాంటిచోట ఎవరూ చెయ్యి ఇవ్వని వర్తకుడు నోరు కుట్టేసిన మనిషితో సమానం. గోదాము నిండా సరుకున్నా వాడి బతుకు ఖాళీ.

ఆ మధ్యాహ్నం నాతోపాటు మా మేనకోడలు కూడా బయల్దేరింది. బావ కూతురే. విశ్వవిద్యాలయంలో దేశాలు ఒకదానితో ఒకటి ఎలా నడుచుకుంటాయో పాఠం చెబుతుంది. దేశాలు గింజలు ఎందుకు దాచుకుంటున్నాయో పుస్తకం రాస్తూ, ప్రపంచమంతా తిరిగే ఖర్చు లేకుండా తండ్రి మార్కెట్టునే నమూనాగా ఎంచుకుంది. ఈ పొదుపు ఆమెకు మా వైపు నుంచే వచ్చిందని మా అక్క మురిసిపోతుంది. బావ మాత్రం, ఇంట్లో గొడవలు చాలవన్నట్టు దేశాల గొడవలు చదివిందని బయట గొప్పగా, ఇంట్లో విసుగ్గా చెబుతాడు.

దారి పొడుగునా ఆమె నా చెయ్యి పట్టుకుని వేళ్ల భాష నేర్చుకుంటూ వచ్చింది. ధరలన్నీ అయ్యాక, పిడికిలి మూసి నా అరచేతిలో పెట్టి, దీనికేమైనా అర్థం ఉందా అని అడిగింది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"అది ఆటకి కూడా పెట్టకు తల్లీ. కొట్టు ఖాళీ అని దానర్థం. నా దగ్గరేమీ మిగల్లేదు, నా పరువు నీ చేతిలో పెడుతున్నా అని."

"పట్టుకున్నవాడు ఏం చెయ్యాలి మామయ్యా?"

"నోరు మెదపకూడదు. అంతే."

మా నాన్న చేతిలో ఒక్కసారి ఎవరో అలా పెట్టారట. ఎవరో చెప్పకుండానే ఆయన పోయాడు. అది విని ఆమె తన పిడికిలి విప్పి చూసుకుంది. తర్వాత, దేశాలకైతే ఇలా చెప్పుకోవడానికి ఒక గుడ్డ కూడా లేదంది.

మాటల్లో నా గోదాము దాటాం. రేకుల మీద పావురాలు ఇసకేస్తే రాలనట్టున్నాయి. వాటి రెట్టలు కడిగించలేక చస్తున్నాను. ఎదురుగా బావ గోదాము, మార్కెట్టులోకెల్లా పెద్దది, రెండు తాళాలతో. దాని కప్పు మాత్రం కడిగిన పళ్లెంలా మెరుస్తోంది. అదృష్టవంతుణ్ణి చెరిపేవాడు లేడంటారు, చివరికి పావురాలు కూడా ఆయన జోలికి పోవనుకుని నవ్వుకున్నాను.

సంఘం హాల్లో పొడవాటి బల్లకు రెండువైపులా వర్తకులు కూర్చున్నారు. ఒక్కొక్కరి భుజం మీద ఒక్కో తువ్వాలు. బల్ల చివర బావ, ఆయన ముందు తాళంచెవుల గుత్తి. గుమ్మం పక్కన పిండిమర ఆమె నిలబడి ఉంది. సంఘంలో ఆమెకు కుర్చీ లేదు. కానీ ఆమె మర ఆగితే ఊళ్లో సగం బట్టీలకు పిండి లేదు. అది ఆగడానికి ఎంతో దూరం లేదని ఆమె బట్టలే చెబుతున్నాయి. ఎప్పుడూ పిండితో తెల్లగా ఉండే మనిషి ఆ రోజు శుభ్రంగా ఉంది.

బావ ముందు నెమ్మదిగానే మొదలుపెట్టాడు. ఓడలు ఎప్పుడొస్తాయో దేవుడికి కూడా తెలియదన్నాడు. ఉన్న గింజలు ఇప్పుడు వదిలేస్తే రేపు వచ్చే పెద్ద కరువుకు మన దగ్గర ఏముంటుందన్నాడు. అందరూ ఒక్కమాట మీదుంటేనే మార్కెట్టుకు విలువన్నాడు. తలలు ఊగాయి.

నా వంతు వచ్చింది. నేను ఉపన్యాసాల మనిషిని కాను, లెక్క చెప్పాను. గింజ ధర పెరుగుతోందని మీరు సంతోషిస్తున్నారు, దాన్ని కొనే బట్టీ మూతపడుతోంది. మూతపడ్డ బట్టీవాడు ఊరొదిలిపోతాడు. రేపు ఓడలొచ్చి ధర పడ్డాక మన సరుకు ఎవరికి అమ్ముతాం? కొనేవాణ్ణి చంపుకుని ధర పెంచుకోవడం, పాలు ఎక్కువిస్తుందని ఆవును పిండుతూ మేత వెయ్యడం మానేసినట్టు ఉంటుందన్నాను. అది దయతో చెప్పిన మాట కాదు. దయ నాకు లేకపోలేదు, కానీ దాన్ని బల్ల మీద పెట్టి బేరం చేయను.

అప్పుడు మా మేనకోడలు మాట్లాడతానని లేచింది. ఇది క్లాసు కాదని బావ అన్నాడు. పొడుం తాతకు మార్కెట్టులో అందరికంటే వయసెక్కువ, ముక్కుపొడుం డబ్బీ లేకుండా ఎవరూ చూసి ఎరగరు. ఆయన డబ్బీ మూసి అన్నాడు.

"చెప్పనివ్వవయ్యా. ఫీజు లేకుండా చదువు చెబుతానంటే వద్దంటావేంటి?"

ఆమె చెప్పింది. ఊళ్లో దొంగ పడితే పోలీసుంటాడు, దేశాల మధ్య పోలీసు లేడు. కోర్టు ఉన్నా దాని తీర్పు అమలు చేసే బంట్రోతు లేడు. ఎవరి తలుపు వాళ్లే కాసుకోవాలి. అందుకని ఒక దేశం గడియ పెట్టుకుంటుంది.

"దానికి చెడ్డ ఉద్దేశం ఉండకపోవచ్చు. కానీ పక్క దేశానికి ఉద్దేశం కనిపించదు, గడియ కనిపిస్తుంది. గడియ చూసి అది తాళం వేస్తుంది. తాళం చూసి మొదటిది రెండో తాళం వేస్తుంది. అందరూ క్షేమం కోసమే చేశారు, చివరికి అందరూ ఆకలితో ఉన్నారు. మేం దీన్ని భద్రతా సందిగ్ధం అంటాం."

"మేం వ్యాపారం అంటాం," అన్నాడు పొడుం తాత. హాలంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. అది నాకు నచ్చింది. నవ్వలేనివాళ్లు బేరంలో నిలబడరు.

ఇది ఎప్పటికీ ఇంతేననీ, బలమొక్కటే నిజమనీ, మిగతావన్నీ కబుర్లనీ చెప్పే పండితులున్నారట. వాళ్లది బావ పార్టీ అనుకున్నాను. రేపు మళ్లీ అదే సంతలో మొహమొహాలు చూసుకోవలసినవాళ్లు ఈ రోజు మోసానికి రేపు నష్టపోతారు కాబట్టి కట్టుబాటు పెట్టుకోవచ్చనీ, ఎవరి దగ్గర ఎంత ఉందో అందరికీ తెలిస్తే భయం సగం తగ్గుతుందనీ చెప్పేవాళ్లు ఇంకొందరట. వాళ్లు నా మనుషులు. మూడో రకంవాళ్లు మరీ తిరకాసుగా, అసలు ఈ భయం ఆకాశంలోంచి ఊడిపడలేదు, రోజూ ఒకరికొకరు చెప్పుకుని మనమే తయారుచేసుకున్నాం అంటారట.

"కరువులో తలుపు మూసుకోవడమే తెలివని ఏ చట్టం చెప్పింది?" అని ఆమె ఒక్కొక్కరి మొహం చూస్తూ అడిగింది. "మీరే చెప్పుకున్నారు. భుజం మీద తువ్వాలు ఎలా మీరు వేసుకున్నదో, ఇదీ అలా మీరు వేసుకున్నదే. తీస్తే వస్తుంది."

నలుగురైదుగురు తెలియకుండానే భుజాలు తడుముకున్నారు.

బావ కుర్చీలో వెనక్కి వాలాడు. "పైన పెద్దదిక్కు లేదంటావేంటి? నేను లేనా?"

"దానికీ ఒక వాదం ఉంది నాన్నా. ఒక్క బలవంతుడు సంతకి కాపలా కాస్తే అందరికీ బేరం నడుస్తుందని. కానీ కరువొస్తే ఆ బలవంతుడు అందరికంటే ముందు తన తలుపు తియ్యాలి. అప్పుడే వాణ్ణి పెద్ద అంటారు. నీది అన్నిటికంటే పెద్ద గోదాము. నువ్వు తీస్తే ఇక మామయ్యతో పనేముంది?"

నేను బావ వైపు చూశాను. ఆయన చెయ్యి తాళంచెవుల గుత్తి మీదకు పోయింది. మా బావకు కోపం వస్తే గొంతు పెరుగుతుంది, బల్ల అదురుతుంది. ఈసారి గొంతు తగ్గింది.

"నా తలుపు సంగతి నీకొద్దు."

అది నేను చూడని రకం కోపం అనుకున్నాను. మనిషి మొహం చూసి ధర చెప్పగలనని పేరున్న నేను ఆ క్షణాన తూకం తప్పాను.

బావ కూతుర్ని వదిలి నా వైపు తిరిగాడు. "బావమరిది బతక కోరతాడంటారు. నువ్వేమో నా బతుకు బజార్న పెడుతున్నావు."

"బతకమనే తలుపు తియ్యమంటున్నా బావా."

"తియ్యి. ఈ గడప దాటి నీ తాళం తీశావంటే ఈ మార్కెట్టులో నీకు చెయ్యి లేదు. మీ అక్క మొహం చూసి కూడా వదలను."

హాల్లో ఒక్క తువ్వాలు కదల్లేదు. నేను మనసులో తక్కెడ రెండు తట్టలూ ఎత్తి చూసుకున్నాను. ఒక వైపు మా నాన్న కూర్చున్న కొట్టు, నా పేరు, రేపటి నుంచి నాతో చెయ్యి కలపని ఈ మనుషులు. రెండో వైపు గుమ్మం దగ్గర పిండి అంటని చేతులతో నిలబడ్డ ఆ ఆడమనిషి. మామూలు లెక్కలో మొదటి తట్టే కిందికి దిగాలి. కానీ ఒకడి అనుమతితో నడిచే పేరు నాది ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు. ఆ బరువు తీసేస్తే మొదటి తట్టలో మిగిలింది పొట్టు.

భుజం మీది తువ్వాలు తీశాను. మడిచి బావ ముందు, తాళంచెవుల పక్కన పెట్టాను.

"నువ్వు చెయ్యి తీసేసేలోపు నేనే గుడ్డ తీసేస్తున్నా బావా. ఇక నా బేరం పగటి వెలుగులో. నా చేతికి ఎవరు ఏం చెప్పినా నా నోరు మార్కెట్టంతా వినేలా చెబుతుంది. ధరైనా, దగా అయినా. మీరందరూ సాక్షులు."

లేచి నడిచాను. గుమ్మం దాటుతుంటే పిండిమర ఆమె నా వెనకే వస్తూ, ఈ ఎండలో తువ్వాలు వదిలేశారు, చెమట దేంతో తుడుచుకుంటారని అడిగింది. తలుపు తీశాక చెమట పట్టదన్నాను. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

మా వెనక హాలు మొత్తం కదిలింది. సంఘం మీద భక్తి ఎంతున్నా, ఒకడు మునుగుతాడో తేలుతాడో చూడాలన్న ఆశ అంతకంటే పెద్దది. నా గోదాము తాళం తీసి తలుపు తోసేసరికి గోధుమల వాసన బయటికి వచ్చి జనం మొహాలకు తగిలింది. ఎవరో గట్టిగా గాలి పీల్చారు. కాటా బయటికి లాగించాను. పేర్చిన బస్తాలన్నీ వీధిలోకి కనపడేలా తెర తీయించాను. ఎంత ఉందో చూసుకోండి, లోపలికి వచ్చి ఎంచుకోండి అన్నాను.

తర్వాత ధర చెప్పాను. తాళాలు పడకముందు ఉన్న ధర. జీవితంలో మొదటిసారి దాన్ని నోటితో చెబుతున్నాను. నలుగురిలో చొక్కా విప్పినట్టు సిగ్గేసింది. రెండోసారి చెప్పేసరికి సిగ్గు పోయింది. మూడోసారి, ఎదురు వీధిలో ఉన్నవాడికి కూడా వినబడేలా చెప్పాను.

ఒక షరతు కూడా చెప్పాను. బట్టీకి వారం పాటు సరిపోయే సరుకే, అంతకుమించి ఒక గింజ ఇవ్వను. నేను తలుపు తీస్తే అంతా కొని ఇంకో తాళం కింద పెట్టేవాళ్లు ఉంటారని నాకు తెలుసు. మంచి పనికి కూడా కాపలా ఉండాలి, లేకపోతే దాన్నీ ఎవరో టోకున కొనేస్తారు.

పిండిమర ఆమెది మొదటి తూకం. బస్తా ఆమె బండి మీద పడగానే దుమ్ము లేచి ఆమె చీరకు అంటింది. దులుపుకోలేదు. ఆమె వెనక బట్టీలవాళ్లు వరస కట్టారు.

పొడుం తాత కాటా దగ్గరకు వచ్చి గింజలు అరచేతిలో పోసుకుని చూశాడు. తనకూ తియ్యాలనే ఉందన్నాడు. తీస్తే ఒంటరివాణ్ణి అవుతాననే భయమన్నాడు. ఇంకొకరు వచ్చి అదే మాట. మూడో ఆయన కూడా అదే. అందరి మాటకూ తోక ఒకటే.

"మీ బావ తీస్తే నేనూ తీస్తా."

అలా అంటూ అందరూ ఒకే వైపు తిరిగారు. ఎదురుగా రెండు తాళాల గోదాము. అందులో ఉన్న గింజల కొండకు భయపడే ప్రతివాడూ తన పుట్టను దాచుకున్నాడు. తాను చవగ్గా వదిలేశాక ఆ కొండ కదలకుండా కూర్చుంటే పెరిగిన ధరంతా దానికే పోతుందేమోనని ప్రతివాడికీ బెంగ. మా మేనకోడలు నా పక్కకు వచ్చి, చాలా నెమ్మదిగా, "ఇంక ఒక్క తలుపు చాలు మామయ్యా," అంది.

అప్పుడే బావ వచ్చాడు.

అరవలేదు. మనుషుల్ని తోసుకోలేదు. జనమే దారి ఇచ్చారు. నేను బల్ల మీద వదిలిన తువ్వాలు ఆయన చేతిలో ఉంది. నా ముందు నిలబడి, ఈ ఏడు ఎండలు ముదిరాయన్నాడు. గుడ్డ కింద బేరానికి ముందు మేం ఎప్పుడూ మాట్లాడుకునే మాట అది. నేను వెనక్కి తీసుకునేలోపు నా కుడిచెయ్యి పట్టుకున్నాడు, పైన తువ్వాలు కప్పాడు.

ధర పెంచమంటాడనుకున్నాను. లేదా ఏదైనా బెదిరింపు వేలు నొక్కుతాడనుకున్నాను. నేను విననంటే వినను, ఏం చెప్పినా పైకి చెప్పేస్తాను, ఆ మాట నోటి చివరే పెట్టుకుని ఉన్నాను.

గుడ్డ కింద ఆయన వేళ్లన్నీ ముడుచుకున్నాయి. మూసిన పిడికిలి వచ్చి నా అరచేతిలో కూర్చుంది.

బావ కళ్లలోకి చూశాను. ఆయన వాతావరణం గురించే మాట్లాడుతున్నాడు. వానలు ఆలస్యమవుతాయంటున్నాడు.

నా చూపు ఆయన భుజం మీదుగా ఎదుటి గోదాము కప్పు మీదకు పోయింది. తళతళలాడుతున్న రేకులు. ఒక్క పావురం లేదు. గింజ ఉన్నచోట వాలే పిట్టలకు మా కట్టుబాటు తెలియదు, రెండు తాళాలకు భయపడవు. అవి ఎప్పుడో తేల్చేసిన లెక్క నాకు ఇప్పుడు తేలింది. కొండ లేదు. ఎప్పుడు పోయిందో, ఎవరికి పోయిందో తెలియదు కానీ, ఈ మార్కెట్టంతా ఇన్నాళ్లూ దండం పెట్టింది ఖాళీ గోడలకు. ఖాళీని చూసి భయపడి ఊరంతా తాళాలు వేసుకుంది.

చెబితే ఏమవుతుంది? ఇంతేనా ఉన్నదంతా అని వరసలో ఉన్నవాళ్లు నా కాటా మీద పడతారు. తలుపు తీయడానికి సగం మనసు చేసుకున్న పొడుం తాత మూడో తాళం కొనుక్కుంటాడు. మా అక్క సాయంత్రానికి వీధిలో ఉంటుంది. చెప్పకపోతే? రేపూ ఎల్లుండీ ఈ జనం ఆ ఖాళీ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందా అని కాసుకుని కూర్చుంటారు, ఒక్కడూ తనది తీయడు. పైగా ఇందాకే నలుగురి ముందు మాటిచ్చిన నోరు ఇది. పిడికిలి పట్టినవాడు నోరు మెదపకూడదన్నది మా నాన్న మాట. నా నోరు అన్నీ చెబుతుందన్నది నా మాట. రెండూ ఒకే అరచేతిలో ఉన్నాయి.

పొడుం తాత ముందుకు వంగాడు. "ఏమన్నాడయ్యా మీ బావ? పైకి చెబుతానన్నావుగా?"

బావ మాట ఆగిపోయింది. కాటా ముల్లు ఊగడం మానింది. పిండిమర ఆమె బండి పట్టుకుని అలాగే నిలబడింది.

మా మేనకోడలు తండ్రి మొహం చూసింది, తర్వాత నా మొహం చూసింది. ఆమెకు ఈ భాష వచ్చు. ఈ మధ్యాహ్నమే నేను నేర్పాను. రెండడుగులు ముందుకు వేసి, మా ఇద్దరి చేతుల మీదున్న తువ్వాలు కొస పట్టుకుంది, ఎత్తడానికో, జారకుండా ఆపడానికో.

బావ పిడికిలి ఇంకా నా అరచేతిలోనే ఉంది.